ఈమెయిలు సేవయు, స్వయంచాలక యంత్రాంగమును



నేడు నేను ప్రసంగింపబోవు విషయము పేరునకు క్రొత్తది, స్వభావమునకు పాతది. ఒక సంస్థ ఈమెయిలు సేవను నడుపుచుండును. మఱొక సంస్థ దానిని ప్రజలకు విక్రయించుచుండును. ఈ యిద్దఱి నడుమ, మనుష్యుని చేయి తగులకుండ, ఉత్తరువులను మోయుచు, లెక్కలు వ్రాయుచు, బిల్లులు పంపుచు ఒక యంత్రాంగము పనిచేయుచుండును. ఆ సేవను ఈ యంత్రాంగముతో ఎట్లు కూర్తురు, ఆ కూర్పువలన మనకు కలుగు లాభమేమి, మనము కనిపెట్టియుండవలసిన చోటేది, అను మూడు సంగతులను విన్నవించెదను.

ఇది పట్టణములలోని పనివారికి మాత్రమే సంబంధించినదని తలంపవలదు. మన గ్రామములలోని సహకార సంఘములు, పాఠశాలలు, పాల సంఘములు, దేవాలయ ధర్మకర్తల సంఘములు అనేకము నేడు తమ తమ పేరులతో ఈమెయిలు చిరునామాలు పెట్టుకొనియున్నవి. బ్యాంకు ఉత్తరములును, కొనుగోలుదారుల ఆర్డర్లును, ప్రభుత్వపు నోటీసులును ఆ చిరునామాలకే వచ్చుచున్నవి. ఆ సంఘములకు అధ్యక్షులై కాగితములపై సంతకములు చేయువారు మీవంటి పెద్దలే. సంతకము చేయువాడు తాను దేనిని కొనుచున్నాడో, దేనిని అద్దెకు తీసికొనుచున్నాడో తెలిసికొనియుండుట న్యాయము.

మొదట ఈమెయిలు చిరునామాకు పదచ్ఛేదము చేసి చూతము. దాని నడుమ 'ఎట్' అని చదువబడు ఒక గుఱుతుండును. 1971లో అమెరికా దేశమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్ అను వలయందలి ఒక కంప్యూటరునుండి మఱొక కంప్యూటరునకు ఉత్తరము పంపు విధానమును కూర్చినప్పుడు ఆ గుఱుతును ఎన్నుకొనెను. గుఱుతునకు ఎడమవైపున నుండునది పెట్టె పేరు. కుడివైపున నుండునది ఆ పెట్టె యే సంస్థకు చెందినదో తెలుపు పేరు. దీనినే డొమైన్ పేరందురు. ఒక యంత్రము మఱొక యంత్రమునకు ఉత్తరమును అప్పగించు మర్యాదను 1982లో జాన్ పోస్టెల్ అను విద్వాంసుడు నిబంధనల రూపమున వ్రాసెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను నాతడు డొమైన్ పేరుల పట్టికలు నడచు పద్ధతిని రూపొందించెను. 1986లో ఆ పట్టికలయందు ఎమ్మెక్స్ అను ఒక పద్దు నిర్ణయింపబడినది. ఈ పేరుగలవారి ఉత్తరములను ఫలాని యంత్రమునకు అప్పగింపుడని లోకమునకు చెప్పుటయే ఆ పద్దు చేయు పని.

కావున ఇందు మూడు వస్తువులున్నవని గ్రహింపవలయును. పేరు వేఱు, దారి చూపు పద్దు వేఱు, ఉత్తరములుండు పెట్టె వేఱు. ఈ మూడును ఒక్కరి యొద్దనే యుండవలెనను నియమము లేదు. పేరు ఒకరియొద్ద నమోదై యుండవచ్చును, పద్దు మఱొకరి పట్టికయందుండవచ్చును, పెట్టె మూడవవారి యంత్రమునందుండవచ్చును. నేను ముందు చెప్పబోవు సౌకర్యములన్నియు, చిక్కులన్నియు ఈ మూటి వేఱుపాటునుండియే పుట్టినవి.

ఉత్తరముల యంత్రమును మనమే యేల పెట్టుకొనరాదని మీరడుగవచ్చును. పెట్టుకొనవచ్చును. కాని అది రాత్రింబవళ్లు నిదురలేక మేలుకొనియుండవలయును. విద్యుత్తు పోరాదు, డిస్కు చెడరాదు. అక్కఱకు రాని ఉత్తరములు వెల్లువగా వచ్చుచుండ వానిని ఏఱివేయవలయును. మన యంత్రమును దుష్టులు వశపఱచుకొని దానిద్వారా మోసపు ఉత్తరములు పంపినచో, లోకమందలి ఇతర యంత్రములు మన ఉత్తరములను ముట్టుకొనవు. ఇంత భారమును ఒక చిన్న సంఘము మోయజాలదు. అందుచేత, పేరు మీది, పెట్టెలు మావి, కాపలా మాది, అద్దె చెల్లింపుడని చెప్పు సంస్థలు బయలుదేఱినవి. గూగుల్ సంస్థ 2006లో ఇట్టి సేవను ప్రారంభించినది. మైక్రోసాఫ్టువారి ఆఫీస్ 365 సేవ 2011లో వచ్చినది. చెన్నైయందలి జోహో సంస్థయు ఇట్టి సేవనే నడుపుచున్నది. ఇట్లు పరుల యంత్రముపై నడచు సేవనే హోస్టెడ్ ఈమెయిలు అందురు.

ఇక విక్రయించువారి సంగతి. డొమైన్ పేరులు, వెబ్‌సైటులకు చోటు, ఈమెయిలు పెట్టెలు, దస్త్రములు దాచుకొను స్థలము, వీనినన్నింటిని ఒక్క దుకాణమున నమ్ము సేవాసంస్థలు కలవు. వీనిలో ననేకమును ఆ సంస్థ తాను తయారుచేసినవి కావు. కిరాణా కొట్టువాడు ఉప్పు పండింపడు, బెల్లము వండడు, అయినను అన్నిటిని ఒక్క బిల్లుపై ఇచ్చును. అట్టిదే ఇదియు.

పూర్వము ఈ యమ్మకము చేతితో సాగుచుండెను. కొనువాడు ఉత్తరము వ్రాయును. గుమాస్తా దానిని చదివి, ఈమెయిలు సంస్థవారి పుటను తెఱచి, పెట్టెను సృష్టించి, పాస్‌వర్డును కాగితముపై వ్రాసికొని, కొనువానికి తెలిపి, తరువాత లెక్కలవానికి చీటి పంపును. దినమునకు పది ఆర్డర్లు వచ్చినంతకాలము ఇది సాగినది. పదివేలు వచ్చినప్పుడు సాగలేదు. డబ్బు కట్టినవానికి పెట్టె రాలేదు, పెట్టె వచ్చినవానికి బిల్లు పోలేదు, మానుకొనినవాని పెట్టె యేండ్ల తరబడి నడచుచునే యుండెను. ఈ యవస్థను తొలగించుటకే స్వయంచాలక యంత్రాంగములు, అనగా క్లౌడ్ ఆటోమేషన్ ప్లాట్‌ఫారములు, పుట్టినవి. ఏయే సరకులున్నవో చూపు జాబితా, ఎవ్వరేమి కొనిరో తెలుపు చిట్టా, ఎవ్వరెంత బాకీయో తెలుపు ఆవర్జా, సరకును సమకూర్పుమని ఉత్తరువు పంపు శక్తి, ఈ నాలుగును ఒక్క చోట కూడినదే యా యంత్రాంగము.

ఇచ్చట ఒక లెక్క చూడుడు. లోకమున పది ఈమెయిలు సేవలును, పది విక్రయ యంత్రాంగములును ఉన్నవనుకొందము. ప్రతి సేవను ప్రతి యంత్రాంగముతో విడివిడిగా కూర్పవలసివచ్చినచో నూఱు కూర్పులు కావలయును. అందఱును ఒక్క మర్యాదకు ఒప్పుకొనినచో, ప్రతివారును ఆ మర్యాదకు ఒక్కమాఱు అనుగుణముగా తమ్ము దిద్దుకొనిన చాలును. అప్పుడు ఇరువది కూర్పులే. ఈ యాలోచనతోనే ఎస్‌డబ్ల్యుసాఫ్ట్ అను సంస్థ 2007లో అప్లికేషన్ ప్యాకేజింగ్ స్టాండర్డ్ అను ఒక ప్రమాణమును ముందుకు తెచ్చినది. ఆ సంస్థ 2008లో పారలెల్స్ అను పేరు గ్రహించినది. 2015లో దాని సేవాసంస్థల విభాగమునకు ఓడిన్ అను పేరు వచ్చినది. ఆ యేడు డిసెంబరులో ఓడిన్ వారి స్వయంచాలక యంత్రాంగమును ఇన్‌గ్రామ్ మైక్రో సంస్థ కొనినది. తరువాత అది క్లౌడ్‌బ్లూ అను పేరుతో వ్యవహరింపబడినది. పేరులు మాఱినను పని మాఱలేదు.

ఆ ప్రమాణము ప్రకారము ఈమెయిలు సంస్థ ఒక మూటను కట్టి యంత్రాంగమునకు అప్పగించును. ఆ మూటయందు ముఖ్యముగా మూడుండును. మొదటిది ప్రకటన పత్రము: నా సేవ యిట్టిది, దీనిని లెక్కించు కొలతలు పెట్టెల సంఖ్యయు, ఒక్కొక్క పెట్టెయందలి చోటును, నడుపుటకు నాకీ వివరములు కావలయును, అని అందు వ్రాసియుండును. రెండవది, కొనువాడు చూచు పుటలు. అతడు తన పెట్టెలను చేర్చుకొనుటకును, తీసివేయుటకును ఆ పుటలే సాధనము. మూడవది, యంత్రాంగమునుండి వచ్చు ఉత్తరువులను ఈమెయిలు సేవకు అర్థమగు భాషలోనికి మార్చి చేరవేయు ప్రోగ్రాము. ఇది దుబాసి వంటిది.

ఆ ఉత్తరువులు ఎన్నివిధములు? ప్రమాణము యొక్క తరువాతి కూర్పునందు ముఖ్యమైనవి నాలుగు. వ్యాకరణము చదివినవారికి ఇవి సులభముగా తెలియును. క్రొత్తగా ఒక పెట్టె వచ్చి చేరుట ఆగమము వంటిది. ఉన్నదానికి బదులు మఱొకటి వచ్చుట, అనగా పెట్టె పరిమాణమును పెంచుట, పేరు దిద్దుట, ఇవి ఆదేశము వంటివి. ఉన్నది పోవుట లోపము వంటిది. ఇక నాలుగవది, పెట్టె యున్నదా, యెంత నిండినది, అని అడిగి తెలిసికొనుట. ఇందువలన ఏమియు మాఱదు. యంత్రవిదులు ఈ నాలుగింటిని ప్రొవిజన్, కాన్ఫిగర్, అన్‌ప్రొవిజన్, రిట్రీవ్ అని పిలుతురు.

అయితే వ్యాకరణమునకును, యంత్రమునకును ఒక భేదము కలదు. వ్యాకరణమున అక్షరము లోపించినను, సూత్రము తెలిసినవాడు అచ్చట ఏయక్షరముండెనో ఊహించి చెప్పగలడు. యంత్రమున ఉత్తరములు లోపించినచో వానిని ఏ పండితుడును ఊహించి చెప్పజాలడు. ఈ మాటను మనసునందుంచుకొనుడు. మరల దీనికే వచ్చెదను.

ఇప్పుడు ఒక ఆర్డరు వెంట నడచి చూతము. ఒక సంఘము పది పెట్టెలు కోరినదనుకొనుడు. యంత్రాంగము మొదట సొమ్ము ముట్టినదా యని చూచును. ముట్టినచో, చిట్టాలో పద్దు వ్రాసి, ఈమెయిలు సేవకు ఉత్తరువు పంపును. ఆ యుత్తరువుతో రహస్యమైన ఒక తాళపుచెవిని కూడ పంపును. అది లేనిచో ఎవ్వడైనను దారిలో నిలిచి ఉత్తరువులు పంపవచ్చును గదా! ఈమెయిలు సేవ ఆ చెవిని పరీక్షించి, సంఘమునకు ఒక ఖాతా తెఱచి, ఆ ఖాతా సంఖ్యను తిరిగి తెలుపును. యంత్రాంగము తన పద్దు ప్రక్కన ఆ సంఖ్యను వ్రాసికొనును. ఈ రెండు సంఖ్యల జతయే రెండు పుస్తకములను కట్టియుంచు ముడి. ఇది తప్పిపోయినచో ఎవ్వరి పెట్టె యెవ్వరిదో చెప్పు దిక్కుండదు.

తరువాత పేరునకు సంబంధించిన పని. ఈ పేరు నిజముగా మీదేనా యని ఈమెయిలు సేవ యడుగును. దానికి నిదర్శనముగా ఒక చిన్న సంకేత వాక్యమును ఆ పేరు పట్టికలో వ్రాయుమనును. పేరుపై అధికారము లేనివాడు ఆ పట్టికలో వ్రాయలేడు కావున అదియే సాక్ష్యము. పిమ్మట ఎమ్మెక్స్ పద్దు వ్రాయవలెను. దానితోబాటు మూడు రక్షాపద్దులు వ్రాయవలెను. ఎస్‌పీఎఫ్ అనునది మా పేరుతో ఉత్తరములు పంపుటకు ఫలాని యంత్రములకే అనుమతి కలదని చెప్పును. డీకిమ్ అనునది ప్రతి యుత్తరముపై వేయు ముద్రను పరీక్షించుటకు కావలసిన గుఱుతును ప్రకటించును. డీమార్క్ అనునది ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలయునో చెప్పును. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దసంఖ్యలో ఉత్తరములు పంపువారు ఈ మూడింటిని తప్పక పెట్టుకొనవలెనని నిర్బంధించినవి. చిన్నవారికైనను ఇవి లేనిచో, పంపిన ఉత్తరము అవతలివాని చెత్తపెట్టెలో పడుట సంభవించును.

సంఘము పేరుగూడ ఆ దుకాణమునందే నమోదై, పట్టికయు అచ్చటనే యున్నచో యంత్రాంగము ఈ పద్దులన్నింటిని తానే వ్రాయగలదు. కూర్పువలన కలుగు గొప్ప సౌకర్యములలో ఇది యొకటి. పేరు వేఱొకచోట నున్నచో ఆ పద్దులను మనవారే చేతితో వ్రాయవలెను. ఒక్క యక్షరము తప్పినను ఉత్తరము రాదు. మఱియొక సంగతి: పాత పద్దును లోకమందలి యంత్రములు కొంతసేపు జ్ఞాపకముంచుకొనును. కావున పెట్టెలను ఒకచోటునుండి మఱొకచోటికి మార్చునప్పుడు, పాత పెట్టెను ఆ దినముననే మూసివేయరాదు. ఊరు మాఱినవాడు కొన్నాళ్లవఱకు పాత యింటికి వచ్చు జాబులను విచారించుకొనును గదా!

వినుటకు ఇదంతయు సుగమముగనే యున్నది. కష్టమెచ్చటననగా, ఉత్తరువునకు బదులు రానిచోట. యంత్రాంగము పెట్టె తెఱువుమని యుత్తరువు పంపినది. ఈమెయిలు సేవ తెఱచినది. కాని తెఱచితినను బదులు దారిలో పోయినది. ఇప్పుడు యంత్రాంగమేమి చేయవలెను? మరల పంపినచో రెండవ పెట్టె పుట్టునేమో! పంపకున్నచో మొదటిది పుట్టనే లేదేమో! దీనికి తెలివైన ఉపాయము కలదు. ప్రతి యుత్తరువునకు ఒక ప్రత్యేక సంఖ్య నిత్తురు. అదే సంఖ్యతో అదే యుత్తరువు రెండవమాఱు వచ్చినచో, ఈమెయిలు సేవ క్రొత్తగా ఏమియు చేయక, మొదటిమాఱు చెప్పిన బదులునే మరల చెప్పును. రసీదు పోయినదని మరల వచ్చిన రైతుతో రెండవమాఱు శిస్తు కట్టింపక, పాత రసీదుకు నకలిచ్చి పంపుట వంటిది.

ఒక్కొక్కప్పుడు పని సగములో నిలిచిపోవును. ఖాతా తెఱవబడినది, పెట్టెలు పుట్టలేదు. అట్టిచోట మిగిలిన సగమును పూర్తిచేయుటయో, లేక చేసినదానిని వెనుకనుండి ముందునకు వరుసగా విప్పుకొనివచ్చుటయో నేర్పి యుంచవలెను. ఇంత జాగ్రత్త పడినను రెండు పుస్తకములు కాలక్రమమున ఎడబాటు చెందును. అందుచేత మంచి కూర్పునందు కొన్ని గంటలకొకమాఱో, దినమునకొకమాఱో రెండింటిని సరిచూచు పని యుండును. ఈమెయిలు సేవయందు పెట్టె యుండి, విక్రయించువాని పుస్తకమున లేనిచో నష్టము విక్రయించువానిది. ఇతని పుస్తకమున బిల్లు నడచుచు, అచ్చట పెట్టె లేనిచో నష్టము కొనువానిది. సరిచూడని లెక్క యెప్పుడును ఎవ్వనికో ఒకనికి అన్యాయము చేయుచునే యుండును.

ఇక నేను మనసునందుంచుకొనుడని చెప్పిన లోపము సంగతికి వచ్చెదను. గడువునకు సొమ్ము చెల్లనిచో యంత్రాంగము మొదట జ్ఞాపికలు పంపును. తరువాత సేవను నిలుపును. నిలుపుట యనగా తలుపు మూయుట. లోపలి ఉత్తరములు అట్లే యుండును. మఱికొంతకాలము గడచిన పిదప తొలగించును. తొలగించుట యనగా ఇంటిని నేలమట్టము చేయుట. ఈ రెండింటి నడుమ వ్యవధి యెంతయో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగ నిర్ణయించుకొనును. మైక్రోసాఫ్టువారి సేవయందు తొలగింపబడిన వాడుకరి పెట్టెను సాధారణముగా 30 దినములలోపల మరల తెచ్చుకొనవచ్చును. ఆ పిమ్మట వీలులేదు. డొమైన్ పేరునకు గడువు వేఱు. డాట్‌కామ్ వంటి పేరులను నమోదు సంస్థ తొలగించిన పిదప, పాత యజమాని అదనపు రుసుముతో విడిపించుకొనుటకు 30 దినములు, ఆ మీద 5 దినములు గడచును. తరువాత ఆ పేరును లోకమున ఎవ్వడైనను కొనవచ్చును. అట్లు కొనినవాడు తన పెట్టెలవైపునకు ఎమ్మెక్స్ పద్దును త్రిప్పుకొనినచో, మన పేర వ్రాయబడు ఉత్తరములన్నియు ఆతనికే చేరును. పాస్‌వర్డు మఱచితిమని అడిగినప్పుడు వచ్చు ఉత్తరములును ఆతనికే చేరును. అందలి యపాయమును మీకు విడమరచి చెప్పనక్కఱలేదు.

మా ప్రాంతమున ఒక చేనేత సహకార సంఘమునకు ఇట్టి చిక్కు వచ్చినది. కాగితములు చదివిపెట్టుమని వారు నా యొద్దకు తెచ్చిరి. సంఘమునకు పేరును, పెట్టెలను తెచ్చిపెట్టినవాడు ఆ యూరి కుఱ్ఱవాడే, బుద్ధిమంతుడు. పని త్వరగా కావలెనని పేరును తన పేరనే నమోదు చేసినాడు. తరువాత ఉద్యోగమునకు దూరదేశము పోయినాడు. ఏటేట సొమ్ము ఒక కార్డునుండి తానంతట చెల్లుచుండెను. ఆ కార్డు గడువు తీఱిపోయినది. విక్రయ యంత్రాంగము సొమ్ము రాలేదని నియమము ప్రకారము జ్ఞాపిక పంపినది. ఎచ్చటికి? సంఘముయొక్క ఆ పెట్టెలలోనే ఒకదానికి! దానిని తెఱచి చూచువారు లేరు. గడువు గడచిన పిదప పెట్టెలు నిలుపబడినవి. అటుపిమ్మట పంపిన జ్ఞాపికలు ఆ మూతపడిన పెట్టెకే పోయినవి. ఇంటికి తాళము వేసి, తాళము వేసితిమను చీటిని ఇంటిలోపల పడవేసినట్లైనది. సంఘమువారు ఉత్తరములు రాకుండుటను గమనించి విచారించునప్పటికి పెట్టెలు తొలగింపబడినవి. కుఱ్ఱవాడు సంగతి తెలిసి, పేరును మాత్రము రుసుము కట్టి గడువులోపల విడిపించినాడు. క్రొత్త పెట్టెలు వచ్చినవి, పాత చిరునామాయే నిలిచినది. కాని ఆఱేండ్ల ఉత్తరములు తిరిగి రాలేదు. కొనుగోలుదారులు బాకీలు ఒప్పుకొనుచు వ్రాసిన ఉత్తరములు వానిలో నుండెను. ఆ బాకీలలో కొన్ని యింకను వసూలు కాలేదు.

ఇందు యంత్రము అబద్ధమాడలేదు. ఆలస్యము చేయలేదు. ఒక్క నియమమును మీఱలేదు. కుఱ్ఱవాడు మోసగాడు కాడు. విక్రయించినవాడు షరతుల కాగితము చూపినాడు. అయినను నేతగాండ్రకు నష్టము వచ్చినది. ఏలయన, మనుష్యుడు గుమాస్తాగా నున్నచో, ఈ సంఘమువారు ప్రతియేటను కట్టువారు గదా, ఈ యేడేల కట్టలేదు, ఒకమాఱు పిలిచి యడుగుదము, అని యనుకొనియుండును. యంత్రమునకు అట్టి సందేహము పుట్టదు. దానికి పుట్టించినచో పుట్టును, లేనిచో లేదు. చేతిపనిలో నుండిన పొరపాట్లను యంత్రము తొలగించినది. దానితోబాటు ఆ చేతియందుండిన దాక్షిణ్యమును కూడ తొలగించినది. ఆ దాక్షిణ్యము స్థానమున మనము ముందుజాగ్రత్తను ఉంచవలయును.

కావున సంఘముల పెద్దలకు నా మనవి యిది. మొదటిది: డొమైన్ పేరు ఏ వ్యక్తి పేరనుగాక సంఘము పేరననే నమోదై యుండవలెను. ఎంతటి నమ్మకస్థుడైనను వ్యక్తి ఊరు మాఱును, సంఘము మాఱదు. రెండవది: గడువు జ్ఞాపికలు వచ్చు చిరునామా ఆ పేరునకు వెలుపల నుండవలెను. దానితోబాటు ఇద్దఱు కార్యవర్గ సభ్యుల ఫోను సంఖ్యలు ఇయ్యవలెను. మూడవది: పేరు గడువును, పెట్టెల గడువును వేఱువేఱు తేదీలని యెఱిగి, రెండింటిని తీర్మానముల పుస్తకములో వ్రాయించి, ఏటి మొదటి సమావేశమున చదివింపవలెను. నాలుగవది: కొనుటకు ముందే మూడు ప్రశ్నలడుగవలెను. సొమ్ము చెల్లనిచో ఎన్నాళ్లకు నిలుపుదురు? నిలిపిన పిదప ఎన్నాళ్లకు తొలగింతురు? మేము మఱొకచోటికి పోవలెననుకొనినచో మా ఉత్తరములను మాకెట్లు అప్పగింతురు? వీనికి వ్రాతమూలముగ బదులు చెప్పనివానియొద్ద కొనకుండుట మేలు. ఐదవది: ఏటికొకమాఱైనను ఉత్తరములన్నింటికి ఒక నకలు తీయించి, వేఱొక డిస్కులో ఎక్కించి, సంఘపు బీరువాలో దాచవలెను.

మఱియొక మాట మీ పిల్లలకు చెప్పవలసినది కలదు. మన తెలుగు పిల్లలనేకులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రముల కవతలను ఇట్టి కూర్పుపనులే చేయుచున్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇట్లు చెప్పుడు. నాయనా, చేర్చు ఉత్తరువును ఎంత వేగముగనైనను నడుపుము. తీసివేయు ఉత్తరువును మాత్రము నెమ్మదిగా నడుపుము. తొలగించుటకు ముందు నిలుపుదల దీర్ఘముగ నుండునట్లు చూడుము. మూసిన పెట్టెకు జ్ఞాపిక పోవుచున్నదేమో కనిపెట్టి, మఱొక దారిని పంపునట్లు చేయుము. ఆ నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాయుటకు నీకొక పూట పట్టును. అది లేనందున ఒక యూరి సంఘమునకు ఆఱేండ్ల చరిత్ర పోవును, అని చెప్పుడు.

ఈ కూర్పు చెడ్డదని నా తాత్పర్యము కాదు. ఇది లేనిచో పది పెట్టెలు కోరు గ్రామసంఘమును ఏ పెద్ద సంస్థయు పలుకరించియుండదు. అంత చిన్న ఆర్డరునకు గుమాస్తా జీతమైన గిట్టదు. పది పెట్టెలవాని యుత్తరువును, పదివేల పెట్టెలవాని యుత్తరువును ఒక్క తీరున నెఱవేర్చుట యంత్రాంగమునందలి గొప్పగుణము. ఆ గుణమువలననే నేడు మగ్గముల యూరి పేరు కలకత్తా వర్తకుని పెట్టెలో కనబడుచున్నది. అయితే పేరును, గడువును, నకలును కాపాడుకొను భారము మాత్రము యంత్రముపై వేయతగినది కాదు. అది సంతకము చేసినవారిది.

రాబోవు సమావేశమున మీ మీ సంఘముల పేరు ఎవ్వరి పేర నమోదై యున్నదో కార్యదర్శిని అడుగుడు.